మాటామంతీ: నూటికెంత? వారానికెంత?

ఎటువంటి ఊళ్ళో కాపురముండాలో సుమతీ శతకకారుడు ఒక పద్యంలో చెప్పాడు. చిన్నప్పుడు మనమందరం వల్లె వేసినదే. అందులో వైద్యుడు ఉన్నాడు, ఎండిపోని ఏరు ఉంది. కాని వీటన్నిటికన్నా ముందు కూర్చున్నవాడు అప్పిచ్చేవాడు. మన సంఘంలో ఎటు తిరిగినా డాక్టర్లే తగులుతారు కనుక, ఈ మాట అంటే నొచ్చుకుంటారేమోనని ఇన్నాళ్ళూ ఊరుకున్నాము. ఇప్పుడు అనక తప్పని పరిస్థితి వచ్చింది.

సంగతేమిటంటే, సంక్రాంతి సంబరాల ఖర్చులు పోను కొంత సొమ్ము మిగిలిందని మన కోశాధికారిగారు మొన్నటి సమావేశంలో ప్రకటించారు. ఇటువంటి ప్రకటన వినే అలవాటు మనకు లేదు కాబట్టి కాసేపు ఎవరూ నమ్మలేదు. నమ్మిన తరువాత వాదన మొదలైంది. ఆ సొమ్మును మన వైపు ఏదైనా పల్లెలో ఆడవాళ్ళకు చిన్న చిన్న అప్పులుగా ఇద్దామని ఒకరన్నారు. "దానం చేస్తే ఒక్కసారితో ఖర్చయిపోతుంది. అప్పు ఇస్తే తిరిగి వస్తుంది, మళ్ళీ ఇంకొకావిడకు ఇవ్వవచ్చు. ఆవిడ కుట్టు మిషనో, గేదో కొనుక్కుని తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది" అని వారి వాదన. వెంటనే ఇంకొకరు లేచి, "2010లో మన రాష్ట్రంలో ఏం జరిగిందో అప్పుడే మరిచిపోయారా? ఈ చిన్న అప్పుల కిస్తీలు కట్టలేక ఎంతమంది ప్రాణాలు తీసుకున్నారు?" అని అడిగారు. పులిహోర చల్లారింది గాని వాదన చల్లారలేదు. చివరికి, "ఈ సంగతేదో కాస్త చదివి వచ్చే సంచికలో రాయండి" అని ఆ బరువు మా నెత్తిన పెట్టి అందరూ కార్లెక్కారు.

చదివాము. మాకు తెలిసినదీ, తోచినదీ మనవి చేస్తున్నాము. ముందే ఒక మాట: ఆ ఇద్దరూ చెప్పింది నిజమే. ఆ రెండు నిజాలనూ ఒకే మనిషి జీవితంలో మేము కళ్ళారా చూశాము. కనుక ఆవిడతోనే మొదలుపెడతాము.

మా ఊళ్ళో మా వీధి చివర ఒకావిడ దోసెలు పోసి అమ్మేది. సాయంత్రం పొద్దుగూకేదాకా రోట్లో పిండి రుబ్బి, తెల్లారి ఆరింటికల్లా పొయ్యి వెలిగించేది. ఎనిమిది కొట్టేసరికి, ఇంకా నలుగురు గిన్నెలు పట్టుకుని నిలబడి ఉండగానే, పెనం దించేసేది. బేరం లేక కాదు, పిండి లేక. రెండు చేతులతో అంతకన్నా రుబ్బలేదు. ఆవిడకు కావలసింది ఒక గ్రైండరు. అది కొనే డబ్బు మాత్రం ఎప్పుడూ పోగయ్యేది కాదు.

బ్యాంకుకు వెళ్ళవచ్చు గదా అంటారు. తాకట్టు పెట్టడానికి ఆవిడ పేర ఏమీ లేదు. పైగా ఐదు వేల అప్పుకూ ఐదు లక్షల అప్పుకూ బ్యాంకువారు రాసే కాగితాలు ఇంచుమించు అవే. అంత చాకిరీ చేసి ఐదు వేల మీద వచ్చే వడ్డీ వారికి గిట్టదు. ఇక మిగిలినవాడు రోజు వడ్డీ వాడు. మన వైపు ఇది అందరికీ తెలిసిన పద్ధతే. వెయ్యి అని రాసుకుని తొమ్మిది వందలు చేతిలో పెడతాడు. రోజుకు పది రూపాయల చొప్పున వంద రోజులు కట్టాలి. వింటే నూటికి పదే గదా అనిపిస్తుంది. మనలో ఇంజనీర్లు తక్కువేమీ కాదు, కాగితం తీసి లెక్క వేయండి. రోజూ కొంత తీరిపోతూ ఉంటుంది కనుక ఆవిడ దగ్గర సగటున నిలిచే సొమ్ము తొమ్మిది వందలు కాదు, అందులో సగమే. ఆ సగం మీద వంద రోజులకు వంద రూపాయల వడ్డీ. ఏడాదికి 75 శాతం పైమాటే. మన ఊళ్ళల్లో నూటికి నెలకు రెండు రూపాయలంటే, అంటే ఏడాదికి 24 శాతమంటే, అది న్యాయమైన వడ్డీ కిందే లెక్క.

ఇంత వడ్డీకి ఎవరైనా ఎందుకు తెస్తారని ఆశ్చర్యపోనక్కరలేదు. పొద్దున వంద రూపాయల కూరగాయలు కొని సాయంత్రానికి నూట ముప్పైకి అమ్మేవారికి, వడ్డీ ఎంతన్నది రెండో మాట. పొద్దున ఆ వంద చేతికి రావడం మొదటి మాట. చిన్న అప్పుల కథ అంతా ఈ కిటుకు మీదనే నడిచింది.

ఆ కథలో అందరూ చెప్పే మొదటి ఊరు బంగ్లాదేశ్‌లోని జోబ్రా. చిట్టగాంగు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించే ముహమ్మద్ యూనస్ విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న ఆ పల్లెకు వెళ్ళి, వెదురు స్టూళ్ళు అల్లే ఒక స్త్రీతో మాట్లాడారు. వెదురు కొనేందుకు ఆమె దళారి దగ్గర అప్పు తీసుకునేది. అల్లిన స్టూళ్ళు ఆ దళారికే, అతడు చెప్పిన ధరకే ఇచ్చేది. వడ్డీ అని విడిగా ఏమీ లేదు, ఆమె కష్టమే వడ్డీ. ఊళ్ళో ఇటువంటివారు ఎంతమందని వాకబు చేస్తే 42 మంది తేలారు. అందరికీ కలిపి కావలసిన సొమ్ము 27 డాలర్లు. 1976లో ఆయన ఆ సొమ్ము తన జేబులోంచి ఇచ్చారు. అదే పెరిగి 1983లో గ్రామీణ బ్యాంకు అయింది. 2006లో ఆయనకూ, ఆ బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు.

ఆ స్టూళ్ళ కథ వినగానే మాకు నరసాపురం గుర్తుకు వచ్చింది. గోదావరి డెల్టాలో ఇంటింటా ఆడవాళ్ళు అల్లే లేసు మనకు తెలియనిది కాదు. మన ఇళ్ళల్లో టీవీల మీదా, బల్లల మీదా పరిచినవి కొన్ని అక్కడివే. దారం ఏజెంటు ఇస్తాడు, అల్లినది ఏజెంటు పట్టుకుపోతాడు, కూలి ఏజెంటు చెప్పినంత. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ ఊళ్ళు తిరిగి 1982లో పుస్తకమే రాశారు. ఆడవాళ్ళు తీరిక వేళ సరదాగా అల్లుకుంటారని చెప్పుకునే ఆ పని నిజానికి రోజంతా సాగే కూలిపనేనని ఆమె చూపించారు. దారం కొనే డబ్బు తన దగ్గర ఉంటే లేసు తనదవుతుంది. లేకపోతే వేళ్ళు మాత్రమే తనవి.

ఇంకొక సంగతి కూడా గర్వంగా చెప్పుకోవచ్చు. జోబ్రా కంటే రెండేళ్ళ ముందే, 1974లో, అహ్మదాబాదులో ఇలా భట్ నాయకత్వాన ఉన్న సేవా సంఘం ఆడవాళ్ళు తమ బ్యాంకు తామే పెట్టుకున్నారు. తలా పది రూపాయల వాటాతో 4,000 మంది చేరారు. కూరలమ్మేవారు, పాత బట్టలమ్మేవారు, బండ్లు లాగేవారు. సంతకం రానివారికి పాసుపుస్తకం మీద ఫొటో అతికించి పని జరిపించారు. 1978లో మద్రాసులో జయా అరుణాచలం ప్రారంభించిన శ్రామిక మహిళా వేదిక మన నరసాపురం లేసు పనివారిని కూడా కూడగట్టింది.

ఇక మన తెలుగునాట ఇది వచ్చిన దారి వేరు. అది సారా దుకాణం మీదుగా వచ్చింది. 1990ల తొలి రోజుల్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తుండగా, వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడు కాపురాలను ఏం చేస్తుందో చెప్పే కథ. అది చదివిన దూబగుంట ఆడవాళ్ళు, ఇది మన కథే గదా అని లేచి సారా దుకాణం మూయించారు. అక్కడ పుట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అయింది. తాగుడుకు పోయే డబ్బు ఇంట్లో మిగిలింది. ఆ మిగిలినదాన్ని రోజుకొక్క రూపాయి చొప్పున దాచుకుందామని అదే జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు పెట్టారు. అంటే మనవాళ్ళు ముందు దాచుకోవడం మొదలుపెట్టి, అప్పు సంగతి తరువాత చూసుకున్నారు. ఇది గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

అప్పటికే 1982 నుంచి డ్వాక్రా పథకం ఉంది. పల్లెల్లో ఇప్పటికీ ఏ మహిళా సంఘాన్నైనా డ్వాక్రా గ్రూపనే అంటారు. 1992లో నాబార్డు ఇటువంటి సంఘాలకు బ్యాంకులు నేరుగా అప్పు ఇచ్చే ఏర్పాటును 500 సంఘాలతో ప్రయోగంగా మొదలుపెట్టింది. 2000 తరువాత వెలుగు అనీ, ఇందిరా క్రాంతి పథం అనీ పేర్లు మారుతూ ఊరూరా సంఘాలు, వాటి మీద గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి. ఈ నమూనానే 2011లో దేశమంతటికీ తీసుకుపోయారు. నేడు దేశంలో దాదాపు 10 కోట్ల మంది స్త్రీలు ఇటువంటి సంఘాల్లో ఉన్నారు.

సంఘం నడిచే తీరు మన చీటీల వంటిదే. ఇక్కడ కూడా మన ఆడవాళ్ళు గుట్టుగా చీటీలు నడుపుతున్నారని మాకు తెలుసు, పేర్లు రాయము. పది పదిహేను మంది నెలనెలా కొంత వేసుకుంటారు. అందులోంచి తమలో తామే అప్పు ఇచ్చుకుంటారు. కొన్ని నెలలు పుస్తకాలు సరిగా రాసి, సొమ్ము సరిగా తిప్పినట్లు కనబడితే బ్యాంకు ఆ పొదుపుకు కొన్ని రెట్లు అప్పు ఇస్తుంది. సకాలంలో కట్టినవారికి వడ్డీ భారాన్ని ప్రభుత్వం పంచుకుంటుంది. 2004లో వచ్చిన పావలా వడ్డీ అదే. నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి 3 శాతం. 2012 నుంచి సకాలంలో కడితే ఆ పావలా కూడా లేదన్నారు.

మా వీధి దోసెలావిడ గ్రైండరు ఇటువంటి సంఘం అప్పుతోనే వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం మేము ఊరు వెళ్ళేసరికి పెనం పదింటిదాకా దిగడం లేదు. పక్కనే ఇడ్లీ పాత్ర కూడా లేచింది. పిల్లవాడికి యూనిఫారం కొత్తది. మా సంఘంలో మొదట మాట్లాడిన సభ్యునికి ఈ దృశ్యం చూపించి ఉంటే కథ అక్కడితో ముగించేవారు.

కాని కథ ముగియలేదు. ఆ రోజుల్లోనే వీధివీధికీ మైక్రోఫైనాన్సు కంపెనీలు వచ్చాయి. సంఘంలాగా నెలల తరబడి పొదుపు చేయనక్కరలేదు, పుస్తకాలు రాయనక్కరలేదు. ఐదుగురు చేరి ఒకరికొకరు హామీ ఉంటే చాలు, వారంలో సొమ్ము చేతిలో పడుతుంది. పది వేలు తీసుకుంటే వారానికి 225 చొప్పున 50 వారాలు, ఇది మామూలుగా వినబడే లెక్క. మొత్తం 11,250. పన్నెండున్నర శాతమే గదా అనిపిస్తుంది. పైన రోజు వడ్డీకి వేసిన లెక్కే దీనికీ వేయండి. వారంవారం అసలు తగ్గిపోతూ ఉంటుంది కనుక నిజానికి ఏడాదికి 24, 25 శాతం పడుతుంది. రోజు వడ్డీతో పోలిస్తే ఇది ఎంతో నయం, కాదనము. అయితే ఈ సొమ్ము ఇచ్చిన మరుసటి వారమే వసూలు మొదలవుతుంది.

దోసెలావిడ అటువంటి అప్పు ఒకటి తీసుకుంది. తోపుడు బండి కొందామని ఆశ. ఇంతలో భర్త సెంట్రింగు పని చేస్తూ పైనుంచి పడి మంచాన పడ్డాడు. బండి డబ్బు ఇంటి ఖర్చులకు కరిగిపోయింది. ఇంటికి రావలసిన రెండో సంపాదన ఆగిపోయింది, వారం మాత్రం ఆగలేదు. ఆ కిస్తీ కట్టడానికి ఇంకొక కంపెనీలో తీసుకుంది. దాని కిస్తీకి మళ్ళీ రోజు వడ్డీ వాడి దగ్గరకే. ఒక మంగళవారం కట్టలేకపోతే, హామీ ఉన్న ఆడవాళ్ళే వచ్చి చీకటి పడేదాకా గుమ్మంలో కూర్చున్నారు. వాళ్ళూ చెడ్డవాళ్ళు కారు. ఈవిడ కట్టకపోతే వాళ్ళ మీద పడుతుంది. మర్నాడు గ్రైండరు అమ్మేసింది.

ఆ చలికాలం మేము వెళ్ళినప్పుడు మళ్ళీ రోట్లో రుబ్బుతూ కనబడింది. పెద్ద చదువులు చదువుకున్నవాళ్ళం గదా, మేము వేసిన మొదటి ప్రశ్న, "నూటికి ఎంత వడ్డీ పడిందమ్మా?" అని. ఆవిడ పొత్రం ఆపలేదు. "నూటికెంతో నాకేం తెలుసు బాబుగారూ, వారానికెంతో చెప్పారు. వారానికి అన్ని దోసెలు పోస్తే సరిపోతుందనుకున్నాను" అంది. కాసేపాగి, "వానలు పడితే ఎవరూ రారు. వానల్లో కూడా వారం వస్తుంది. అదండీ దాంట్లో ఉన్న చెడుగు" అంది.

మేము చదివిన పుస్తకాలన్నీ ఈ మాట చుట్టూనే తిరుగుతున్నాయని చెబితే మీరు నవ్వరాదు.

ఆవిడ ఒక్కతే కాదు. 2006లో కృష్ణా జిల్లాలో గొడవ ముదిరి అధికారులు యాభై దాకా కంపెనీ శాఖలు మూయించారు. ఆ హెచ్చరిక ఎవరికీ ఎక్కలేదు. 2010 వేసవి దాటగానే ఈ రంగంలోని ఒక పెద్ద కంపెనీ షేర్ల బజారుకెక్కింది. అప్పులు ఇచ్చే గుమాస్తాలకు ఎన్ని ఇస్తే అంత మెప్పు. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీల అప్పులు పడ్డాయి. ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చాయి. ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఈ వసూళ్ళకు ముకుతాడు వేసింది. వసూళ్ళు కుప్పకూలాయి, కంపెనీలు కొత్త అప్పులు ఆపేశాయి. దీనివల్ల ఇతర రాష్ట్రాల్లో కూడా ఆ కంపెనీల చేతిలో సొమ్ము ఆడక అప్పులు తగ్గిపోయాయి. అలా తగ్గిన జిల్లాల్లో పల్లె కూలి రేట్లు, ఇంటి ఖర్చులు కూడా తగ్గాయని బ్రెజా, కినన్ అనే ఆర్థికవేత్తలు 2021లో ప్రకటించిన పరిశోధనలో తేల్చారు. అంటే అప్పు తెగబడి వచ్చినా నష్టమే, తటాలున ఆగినా నష్టమే.

తరువాత రిజర్వు బ్యాంకు నియమాలు పెట్టింది. 2022 నుంచి అమలులో ఉన్న నియమాల ప్రకారం, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పే మైక్రోఫైనాన్సు అప్పు. ఆ ఇంటి అప్పుల కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగానికి మించరాదు. అసలు వడ్డీ ఏడాదికి ఎంత పడుతుందో కాగితం మీద చూపించి తీరాలి. దోసెలావిడకు ఆనాడు ఎవరూ చూపించని కాగితం అదే.

ఇంతకూ ఈ అప్పులు ఆడవాళ్ళ చిన్న వ్యాపారాలను నిలబెడతాయా, నిలబెట్టవా? దీన్ని మన హైదరాబాదులోనే పరీక్షించి చూశారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరి ఇద్దరు కలిసి 104 పేటలు ఎంచుకుని, లాటరీ వేసినట్లు 52 పేటల్లో ముందుగా అప్పుల శాఖలు తెరిపించి, తక్కినవాటితో పోల్చారు. బెనర్జీ, డఫ్లోలకు 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చింది పేదరికం మీద ఇటువంటి పరీక్షలు చేసినందుకే. తేలిందేమిటంటే, కొత్తగా వ్యాపారం పెట్టినవారు కొద్దిమందే. అప్పటికే ఏదో ఒక వ్యాపారం ఉన్నవారు మాత్రం దానిలో ఎక్కువ పెట్టుబడి పెట్టారు. టీలు, పొగాకు, పండగల ఖర్చు కాస్త తగ్గించుకుని ఇంట్లోకి పనికివచ్చే వస్తువులు కొన్నారు. అయితే పిల్లల చదువులో గాని, ఆరోగ్యంలో గాని, ఇంట్లో ఆడదాని మాట చెల్లుబాటులో గాని చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. కొన్నేళ్ళ తరువాత మళ్ళీ వెళ్ళి చూస్తే, ముందునుంచీ వ్యాపారమున్న ఇళ్ళు బాగా పైకి వచ్చాయి. అప్పు చూసి వ్యాపారంలోకి దిగినవారిలో ఆ ఎదుగుదల లేదు.

కలకత్తాలో ఇంకొక పరీక్ష జరిగింది. కొందరికి మామూలుగా వెంటనే కిస్తీలు మొదలుపెట్టి, మరికొందరికి రెండు నెలల గడువిచ్చారు. గడువు దొరికినవారు ధైర్యంగా పెట్టుబడి పెట్టారు, మూడేళ్ళకు వారి లాభాలు మిగతావారికన్నా ఎక్కువగా ఉన్నాయి. ఎగవేతలు కూడా కొంత పెరిగాయి, దాచడమెందుకు. రెండు నెలల వ్యవధి చేసే పని చూడండి. మరుసటి వారమే కట్టాలంటే రేపే డబ్బు వచ్చే పని తప్ప ఇంకేదీ చేయలేము. గేదెను కొన్న మర్నాటి నుంచే పాలు కిస్తీకి సరిపోవు, కొత్త కుట్టు మిషనుకు మొదటి వారమే బేరాలు రావు.

మనకు ఇక్కడ ఇల్లు కొంటే ముప్పై ఏళ్ళు తీర్చుకోమంటారు. ఉద్యోగం పోతే భృతి ఉంటుంది, జబ్బు చేస్తే ఇన్సూరెన్సు ఉంటుంది. మన అప్పు మనల్ని ముంచకుండా నిలబెట్టేవి అవే. దోసెలావిడ వ్యాపారం దోసెల దగ్గర దెబ్బతినలేదు. అది ఒక్కనాడూ నష్టపోలేదు. దెబ్బ ఇంటివైపు నుంచి వచ్చింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భరించింది. మంచాన ఉన్న ఆరు నెలల కూలి ఎవరూ ఇవ్వలేదు. అప్పు వ్యాపారాన్ని లేపుతుంది, కాని ఇంటికి కష్టం వచ్చిన వారాల్లో దన్నుగా ఇంకేదో ఉండాలి. నెల్లూరు ఆడవాళ్ళు ముందు రూపాయి దాచుకోవడంలో ఉన్న తెలివి అది. సంఘంలో తమ సొమ్ము తమదే గనుక, "ఈ నెల కట్టలేనే" అంటే, "సరేలే, వచ్చే నెల చూద్దాం" అనే వీలు ఉంటుంది. ఆ వీలు ఇచ్చే మనుషులు కూడా అక్కడే ఉంటారు.

కనుక మన మిగులు సొమ్ము గురించి మాకు తోచినది ఇది.

మనం అప్పులిచ్చే పని పెట్టుకోవద్దు. సంఘాల ద్వారా మనకన్నా చవకగా అప్పు అక్కడ దొరుకుతూనే ఉంది. ఏడు సముద్రాల ఇవతల కూర్చుని కిస్తీలు వసూలు చేసే శక్తి మనకు లేదు. హాలు అద్దెకు చందాలు వసూలు చేయడానికే మన కార్యదర్శిగారు పడే పాట్లు చూస్తున్నాము. ఆ సొమ్మును తిరిగి ఇవ్వనక్కరలేని ఒక చిన్న నిధిగా, పనిచేసే ఒక సమాఖ్య పరిధిలో ఉంచుదాము. వ్యాపారం నడుపుకుంటున్న ఆడమనిషి ఇంట్లో జబ్బో, ప్రమాదమో వస్తే మూడు నాలుగు నెలల కిస్తీ ఆ నిధి భరించాలి. ఎవరికి ఇవ్వాలో ఆ సంఘం ఆడవాళ్ళే నిర్ణయించాలి. గ్రైండరు అమ్ముకోకుండా ఆపగలిగితే చాలు, కొత్త గ్రైండరు కొనిచ్చినంత పుణ్యం.

దీనికి చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మనలో భారత పౌరసత్వం ఉన్నవారు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. ఇక్కడి పౌరసత్వం పుచ్చుకున్నవారు పంపేదీ, మన సంఘం పేర పంపేదీ విదేశీ విరాళమే. దాన్ని పుచ్చుకునే సంస్థకు ఎఫ్.సి.ఆర్.ఎ. కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ సంస్థ దాన్ని వేరొక సంస్థకు బదలాయించడానికి కూడా వీల్లేదు. కనుక ఎవరి బాబాయిగారికో చెక్కు పంపి పంచమనడం కుదరదు. అటువంటి రిజిస్ట్రేషన్ ఉండి, మహిళా సంఘాలతో నేరుగా పనిచేసే సంస్థను వెతకాలి. మీకు స్వయంగా తెలిసినవి ఉంటే కోశాధికారిగారికి తెలియజేయండి.

ఈ నిధి సంగతి తేలేలోగా ఎవరికి వారు చేయగలిగినది కూడా ఒకటుంది. ఊరు వెళ్ళినప్పుడు మన ఇళ్ళల్లో పనిచేసేవారు అప్పు అడిగితే, ఇవ్వగలిగితే ఇవ్వండి, లేకపోతే లేదనండి. కాని వారు ఇప్పటికే కడుతున్న అప్పుల కాగితాలు ఒకసారి తెమ్మని, పక్కన కూర్చుని, వారానికెంత అన్నదాన్ని నూటికెంతగా మార్చి చెప్పండి. ఏది ముందు తీర్చాలో వారికే తెలుస్తుంది. పావుగంట పని, పైసా ఖర్చు లేదు. ఇంత చదువూ చదివింది ఎందుకు మరి?

దోసెలావిడ సంగతి అడుగుతారని తెలుసు. సంఘంలో ఉండడం మాత్రం మానలేదు. పాత బాకీలు తేలడానికి మూడేళ్ళు పట్టింది. ఆ తరువాత మళ్ళీ సంఘం అప్పుతోనే ఇంకొక గ్రైండరు కొంది, చిన్నది. తోపుడు బండి ఈనాటికీ లేదు. కిందటిసారి వెళ్ళినప్పుడు పొద్దున్నే వాన పడుతోంది. పొయ్యి వెలగలేదు. గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "ఇవాళ వానండీ, రేపు రండి" అంది నింపాదిగా. వారం వస్తుందన్న భయం ఆ మాటలో లేదు. మా సంఘం సొమ్ము ఏదైనా కొనగలిగితే ఆ నింపాదినే కొనాలని మాకు అనిపించింది.

వచ్చే సమావేశంలో ఈ విషయం మళ్ళీ చర్చకు వస్తుంది. కాదనేవారు కాదని, ఔననేవారు ఔనని ముందుగా రెండు ముక్కలు రాసి పంపితే ఈ పేజీలోనే వేస్తాము. సమావేశానికి మాత్రం అందరూ వేళకు రండి. ఈసారైనా పులిహోర వేడిగా ఉండగానే వాదన ముగిద్దాము.